విశ్వాస భాండాగారం

(గద్యభాగం)

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటరు వినియోగం నేడు సర్వసాధారణమైంది. అయితే అందులో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఎక్కడినుండి వస్తుంది, ఎవరు కూర్చుతారు, ఏ నమ్మకంతో మనం దానిని స్వీకరిస్తున్నాం అనే విషయాలను ఆలోచించేవారు తక్కువ. డెబియన్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను నిర్వహించే పద్ధతిని పరిచయం చేయడం, దాని వెనుక ఉన్న సమష్టి కృషిని, అప్రమత్తత ఆవశ్యకతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశం

ముద్రణాయంత్రం రాకముందు మన కావ్యాలు తాళపత్రాల మీద జీవించాయి. ఒక ప్రతిని చూసి మరొక ప్రతిని రాసుకొనేవారు. ఆ క్రమంలో కొన్ని అక్షరాలు జారిపోయేవి. కొన్ని పద్యాలు ఎవరో చేర్చగా మూలంలో కలిసిపోయేవి. అలా చేరిన వాటిని పండితులు ప్రక్షిప్తాలు అన్నారు. చేతికి అందిన ప్రతి ప్రామాణికమైనదా కాదా అని నిర్ణయించడం పాఠపరిష్కర్తకు మొదటి పని.

కంప్యూటరులో సాఫ్ట్‌వేర్‌ను నెలకొల్పుకొనే మనిషికి కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. తనకు అందిన ప్రతి మూలకర్త రాసినదేనా? మధ్యలో ఎవరైనా చేయి పెట్టారా? దానికి కావలసిన తక్కిన భాగాలన్నీ తనవద్ద ఉన్నాయా? ఈ ప్రశ్నలకు వ్యక్తిగా ఎవరికివారు సమాధానం వెదుక్కోవడం అసాధ్యం. అందుకే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకం ప్యాకేజీ నిర్వహణ అనే ఒక వ్యవస్థను నిర్మించుకుంది.

నేపథ్యం

1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అనే ఉద్యమాత్మకమైన ప్రణాళికను ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ను ఏ ప్రయోజనానికైనా వాడుకొనే స్వేచ్ఛ, దాని మూలరచనను చదివి మార్చుకొనే స్వేచ్ఛ, ప్రతులను ఇతరులకు పంచే స్వేచ్ఛ, మార్చిన ప్రతులను కూడా పంచే స్వేచ్ఛ వినియోగదారునికి ఉండాలన్నది అతని వాదం. ఇక్కడ ప్రధానం వెల కాదు, స్వేచ్ఛ. 1991లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ‘లినక్స్’ అనే కెర్నల్‌ను, అనగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగాన్ని రూపొందించాడు. ఈ రెండింటి కలయికతో సంపూర్ణమైన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ సాధ్యమైంది.

అయితే ఆ తొలినాళ్లలో వేరువేరు వ్యక్తులు రాసిన వేరువేరు భాగాలను ఒకచోట చేర్చి పనిచేయించడం కష్టసాధ్యంగా ఉండేది. ఈ కొరతను తీర్చడానికి ఇయన్ మర్డాక్ అనే యువకుడు 1993 ఆగస్టు 16న ‘డెబియన్’ను ప్రకటించాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరును, తన పేరును జతచేసి అతడు ఆ నామకరణం చేశాడు. ఏ ఒక్క సంస్థకూ చెందక, స్వచ్ఛందంగా పనిచేసేవారంతా కలిసి జాగ్రత్తగా కూర్చే వ్యవస్థగా దానిని తీర్చిదిద్దాలని అతడు ఆశించాడు. 1997లో డెబియన్ సమాజం ఒక సామాజిక ఒడంబడికను ఆమోదించింది. తమ వ్యవస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే ఉంటుందని, అందులోని లోపాలను ప్రజలకు తెలియకుండా దాచబోమని ఆ ఒడంబడికలో వాగ్దానం చేసింది. మర్డాక్ 2015 డిసెంబరులో మరణించాడు. అతడు నాటిన చెట్టు మాత్రం శాఖోపశాఖలుగా విస్తరించింది. 2004లో వెలువడిన ఉబుంటు డెబియన్ మీద ఆధారపడి నిర్మితమైనదే.

ప్యాకేజీ స్వరూపం

ఒక సాఫ్ట్‌వేర్ పనిచేయడానికి కావలసిన ఫైళ్లను, వాటిని గురించిన వివరాలను ఒక కట్టగా కట్టినదే ప్యాకేజీ. డెబియన్ ప్యాకేజీని విప్పి చూస్తే అందులో మూడు భాగాలు కనిపిస్తాయి. మొదటిది ఆ కట్ట ఏ పద్ధతి ప్రకారం కట్టినదో తెలిపే చిన్న గుర్తు. రెండవది ప్యాకేజీని గురించిన సమాచారం. మూడవది కంప్యూటరులో చేరవలసిన అసలు ఫైళ్లు.

వీటిలో రెండవ భాగం మనం ప్రత్యేకంగా గమనించదగినది. ప్యాకేజీ పేరు, సంచిక సంఖ్య, దానిని సంరక్షించే వ్యక్తి పేరు, అది ఏ ఇతర ప్యాకేజీల మీద ఆధారపడుతుంది, వేటితో పొసగదు, దాని ప్రయోజనం ఏమిటి అనే వివరాలు అందులో ఉంటాయి. మన ప్రబంధాలలో ప్రతి ఆశ్వాసం చివర ఒక గద్య ఉంటుంది. కవి ఎవరు, కావ్యం పేరేమిటి, అది ఎన్నవ ఆశ్వాసం అనే విషయాలను ఆ ఆశ్వాసాంత గద్య చెబుతుంది. ప్యాకేజీలోని సమాచార భాగం కూడా అటువంటిదే. తేడా ఒక్కటే. గద్యను మనుషులు చదువుతారు, ఈ సమాచారాన్ని యంత్రం కూడా చదివి అర్థం చేసుకుంటుంది.

సంరక్షకుడు అనే మాటను ఇక్కడ వివరించడం అవసరం. సాఫ్ట్‌వేర్ రాసినవాడు వేరు, దానిని డెబియన్‌కు తగినట్లు ప్యాకేజీగా కూర్చి కనిపెట్టుకొని ఉండేవాడు వేరు. ఈ రెండవ వ్యక్తే సంరక్షకుడు. ఒక సంరక్షకుడు విరమించుకొంటే ఆ ప్యాకేజీని ‘అనాథ’గా ప్రకటిస్తారు. మరొకరు ముందుకు వచ్చి దానిని దత్తత తీసుకొంటారు. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన పూరించకపోతే తెలుగు భారతానికి నడుమ ఒక లోటు మిగిలేది. విడిచిన పనిని అందుకొనే మనిషి లేకపోతే ఏ సమష్టి రచనా నిలవదు.

ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

పదాల సమూహమంతా వాక్యం కాజాలదని మన పూర్వులు చెప్పారు. పదాలు వాక్యం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు లక్షణాలు కావాలి. ‘రాముడు పండును’ అనగానే వినేవానికి ఒక క్రియ కోసం అపేక్ష కలుగుతుంది. అది ఆకాంక్ష. ‘నిప్పుతో తడిపాడు’ అంటే పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగవు. అక్కడ యోగ్యత లేదు. ఒక పదాన్ని ఉదయం, మరొక పదాన్ని సాయంకాలం పలికితే అవి వాక్యం కావు. అక్కడ సన్నిధి లోపించింది.

ప్యాకేజీల విషయంలోనూ ఈ మూడు లక్షణాలు వర్తిస్తాయి. బొమ్మలు గీసే ఒక సాఫ్ట్‌వేర్‌కు అక్షరాలను తెరపై చూపే మరొక భాగం కావాలి. ఆ భాగానికి ఇంకొకటి కావాలి. ఒక ప్యాకేజీ మరొక ప్యాకేజీని కోరడమే ఆకాంక్ష. కోరిన ప్యాకేజీ లభించినా దాని సంచిక మరీ పాతదైతే, లేదా అది అప్పటికే ఉన్న మరొకదానితో విరోధిస్తే యోగ్యత లోపిస్తుంది. అంతా సరిపోయినా ఆ ప్యాకేజీ మనకు అందుబాటులో ఉన్న భాండాగారంలో లేకపోతే సన్నిధి లోపిస్తుంది. ఈ మూడింటిలో ఏది కొరవడినా సాఫ్ట్‌వేర్ పనిచేయదు.

ప్రారంభదశలో ఈ పొందికను మనుషులే చూసుకోవలసివచ్చేది. 1994లో రూపొందిన డి.పి.కె.జి. అనే ఉపకరణం ప్యాకేజీని విప్పి అమర్చేది. ఏదైనా ఆధారం లోపిస్తే ఆ లోపాన్ని తెలిపేదే గాని, లోపించినదాన్ని తెచ్చిపెట్టేది కాదు. వినియోగదారుడు ఒకదాని కోసం వెదికితే అది మరొకదాన్ని కోరేది. దాని కోసం వెళితే అది ఇంకొకదాన్ని కోరేది. ఈ చిక్కును విడదీయడానికి ‘ఆప్ట్’ అనే ఉపకరణాన్ని నిర్మించారు. 1999లో వెలువడిన డెబియన్ 2.1 సంచికలో అది చోటుచేసుకుంది. ఒక ప్యాకేజీని కోరితే, దాని ఆకాంక్షలన్నిటినీ లెక్కగట్టి, యోగ్యతను పరిశీలించి, భాండాగారం నుండి అవసరమైనవన్నీ తెచ్చి, సరైన వరుసలో అమర్చడం దాని పని. ఇప్పటికీ ప్యాకేజీని విప్పి నెలకొల్పే చేయి డి.పి.కె.జి.దే, ఏది ఎప్పుడు కావాలో నిర్ణయించే ఆలోచన ఆప్ట్‌ది. ఫెడోరా మొదలైన వ్యవస్థలు ఆర్.పి.ఎం. అనే మరొక ప్యాకేజీ పద్ధతిని అనుసరిస్తాయి. వాటి ఆజ్ఞలు వేరైనా సూత్రం మాత్రం ఇదే.

నిర్వహణ క్రమం

ఆప్ట్‌ను వాడే విధానం తెలిసినవారికి సులభం, తెలియనివారికి కొంత తికమక. మొట్టమొదట తెలుసుకోవలసింది ‘అప్‌డేట్’, ‘అప్‌గ్రేడ్’ అనే రెండు ఆజ్ఞల భేదం. ‘ఆప్ట్ అప్‌డేట్’ అనే ఆజ్ఞ ఏ సాఫ్ట్‌వేర్‌నూ మార్చదు. భాండాగారంలో ఏమేమి ఉన్నాయో తెలిపే పట్టికను మాత్రమే కొత్తగా తెస్తుంది. గ్రంథాలయానికి వెళ్లి కొత్త పుస్తకాల జాబితాను చూసి రావడం వంటిది ఇది. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అనే ఆజ్ఞ ఆ పట్టిక ప్రకారం మన కంప్యూటరులోని పాత సంచికలను తొలగించి కొత్తవాటిని నెలకొల్పుతుంది. పట్టికను తాజాపరచకుండా అప్‌గ్రేడ్ చేస్తే పాత జాబితానే ప్రమాణమవుతుంది. ‘ఫుల్ అప్‌గ్రేడ్’ అనే మూడవ ఆజ్ఞ అవసరమైతే ఉన్న ప్యాకేజీలను కూడా తీసివేస్తుంది. కాబట్టి దానిని వాడేటప్పుడు తొలగిపోయేవాటి జాబితాను తప్పక చదవాలి.

కొత్త సాఫ్ట్‌వేర్ కోసం ‘సెర్చ్’ ఆజ్ఞతో వెదకవచ్చు. ‘షో’ ఆజ్ఞతో దాని వివరాలను చదవవచ్చు. ‘ఇన్‌స్టాల్’ ఆజ్ఞతో దానిని నెలకొల్పవచ్చు. తీసివేయడానికి రెండు మార్గాలు ఉన్నాయి. ‘రిమూవ్’ అంటే సాఫ్ట్‌వేర్ పోతుంది, దాని అమరికల ఫైళ్లు మిగులుతాయి. మళ్లీ నెలకొల్పితే పాత అమరికలు దొరుకుతాయి. ‘పర్జ్’ అంటే వ్యవస్థలోని ఆ అమరికలు కూడా పోతాయి. అయినా వినియోగదారుని సొంత గదిలో, అనగా ‘హోమ్’ డైరెక్టరీలో ఉన్న ఫైళ్లను ఇది ముట్టుకోదు. ఒక ప్యాకేజీకి తోడుగా వచ్చి, ఆ ప్యాకేజీ పోయిన తరువాత ఎవరికీ అక్కరలేకుండా మిగిలినవాటిని ‘ఆటోరిమూవ్’ ఆజ్ఞ తొలగిస్తుంది.

ఈ పనులకు వ్యవస్థాధికారి అనుమతి కావాలి. అందుకే అప్‌డేట్, అప్‌గ్రేడ్, ఇన్‌స్టాల్, రిమూవ్ వంటి ఆజ్ఞల ముందు ‘సుడో’ అనే పదాన్ని చేర్చి సంకేతపదాన్ని ఇస్తారు. వెదకడానికి, చదవడానికి ఆ అధికారం అక్కరలేదు. ఆజ్ఞలను టైపు చేయడం ఇష్టం లేనివారికి ‘సినాప్టిక్’ వంటి చిత్రరూప ఉపకరణాలు ఉన్నాయి. అవి కూడా తెర వెనుక ఈ యంత్రాంగాన్నే వాడతాయి.

ప్యాకేజీలను నెలకొల్పుతున్న సమయంలో కరెంటు పోతే కొన్ని ప్యాకేజీలు విప్పి, అమర్చని స్థితిలో ఉండిపోతాయి. అప్పుడు కంగారుపడి వ్యవస్థనంతా చెరిపివేయనక్కరలేదు. సగంలో ఆగినవాటిని అమర్చమని డి.పి.కె.జి.ని కోరవచ్చు. లోపించిన ఆధారాలను పూరించమని ఆప్ట్‌ను కోరవచ్చు. ఏ రోజున ఏ ప్యాకేజీ వచ్చింది, ఏది పోయింది అనే చరిత్రను ఆప్ట్ ఒక దస్త్రంలో నమోదు చేస్తూ ఉంటుంది. దోషం ఎక్కడ మొదలైందో తెలుసుకోవడానికి ఆ దస్త్రమే మొదటి సాక్షి.

హెచ్చరికను చదవడం

2021లో లైనస్ సెబాస్టియన్ అనే ప్రసిద్ధ వీడియో నిర్మాత పాప్ ఓ.ఎస్. అనే వ్యవస్థలో ఆటల సాఫ్ట్‌వేర్ అయిన స్టీమ్‌ను నెలకొల్పబోయాడు. అది డెబియన్ కుటుంబానికి చెందిన వ్యవస్థే. భాండాగారంలో ఆ సమయంలో ఏర్పడిన ఒక పొరపాటు వల్ల, స్టీమ్ కావాలంటే డెస్క్‌టాప్‌లోని ముఖ్య ప్యాకేజీలను తీసివేయాలని ఆప్ట్ లెక్కగట్టింది. ఇది ప్రమాదకరమైన పని అని హెచ్చరించి, ‘అవును, నేను చెప్పినట్లే చేయి’ అనే అర్థమిచ్చే ఆంగ్ల వాక్యాన్ని పూర్తిగా టైపు చేస్తే గాని ముందుకు సాగనన్నది. అతడు ఆ వాక్యాన్ని టైపు చేశాడు. చూస్తూ ఉండగానే డెస్క్‌టాప్ మాయమైంది.

ఇందులో తప్పు ఎవరిది? ప్యాకేజీల పొందికలో లోపం ఉండడం కూర్చినవారి తప్పు. అది తెలియని వినియోగదారునికి ఆ దారి తెరచి ఉంచడం ఉపకరణం లోపం. చదవకుండా ఆమోదించడం వినియోగదారుని తొందరపాటు. ఆ సంఘటన తరువాత ఆప్ట్ నిర్మాతలు ముఖ్య ప్యాకేజీలు అంత సులభంగా తొలగిపోకుండా కట్టడి చేశారు. యంత్రం అడిగే ప్రశ్న లాంఛనం కాదు. ‘ఎన్ని వస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి’ అనే ఒక్క పంక్తిని చదివే అలవాటు ఉన్నవారికి ఇటువంటి ఆపద సాధారణంగా కలగదు.

విశ్వాస శృంఖల

భాండాగారం నుండి ప్యాకేజీ మన కంప్యూటరుకు చేరే దారి దూరమైనది. మధ్యలో ఎవరైనా దానిని మార్చే అవకాశం ఉంది. దీనిని అరికట్టడానికి డెబియన్ ఒక గొలుసును ఏర్పరచింది. ప్రతి ప్యాకేజీలోని సారాన్నిబట్టి ఒక ముద్రాసంఖ్యను లెక్కిస్తారు. ప్యాకేజీలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ఈ సంఖ్యలన్నీ ఒక పట్టికలో ఉంటాయి. ఆ పట్టికకు కూడా ఒక ముద్రాసంఖ్య ఉంటుంది. అది మరొక ప్రధాన పత్రంలో ఉంటుంది. ఆ ప్రధాన పత్రం మీద డెబియన్ తన రహస్య తాళపుచెవితో సంతకం చేస్తుంది. దానికి జతయైన బహిరంగ తాళపుచెవి మన కంప్యూటరులో ముందే ఉంటుంది. దానితో ఆప్ట్ సంతకాన్ని సరిచూస్తుంది. సంతకం సరియైనదైతే పట్టిక సరియైనది. పట్టిక సరియైనదైతే ప్యాకేజీ సరియైనది. 2007లో వెలువడిన డెబియన్ 4.0 నాటికి ఈ పరిశీలన ఆప్ట్‌లో అంతర్భాగమైంది.

ఈ కారణంవల్లనే, ఎక్కడో దొరికిన బయటి భాండాగారాన్ని, దాని తాళపుచెవిని మన వ్యవస్థలో చేర్చడం సామాన్యమైన పని కాదు. అలా చేర్చినప్పుడు దాని యజమానికి మన కంప్యూటరులో వ్యవస్థాధికారి హోదాతో ఏ ఫైలునైనా మార్చగల అధికారాన్ని ఇచ్చినట్లే. ఇంటి తాళం చెవిని ఎవరికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

అయితే సంతకం ఒక విషయాన్ని మాత్రమే రుజువు చేస్తుంది. ప్యాకేజీ దారిలో మారలేదని అది చెప్పగలదు. బయలుదేరిన చోటనే విషం కలిసి ఉంటే అది చెప్పలేదు. 2024లో జరిగిన సంఘటన ఈ సత్యాన్ని ప్రపంచానికి తెలియజేసింది.

‘ఎక్స్ జడ్’ అనేది ఫైళ్లను కుదించే చిన్న ఉపకరణం. ఎన్నో వ్యవస్థలు దానిపై ఆధారపడుతున్నాయి. అయినా దానిని చాలాకాలం లాసె కాలిన్ అనే ఏకైక వ్యక్తి తీరిక వేళల్లో సంరక్షించేవాడు. జియా టాన్ అనే పేరుతో ఒక వ్యక్తి సాయపడతానంటూ వచ్చి, మంచి పని చేసి, నమ్మకాన్ని సంపాదించి, సహ సంరక్షకుడయ్యాడు. ఆ పేరు వెనుక ఉన్నదెవరో బయటపడలేదు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెలువడిన 5.6.0, 5.6.1 సంచికలలో అతడు ఒక రహస్య ద్వారాన్ని అమర్చాడు. దాని ద్వారా దూరం నుండి పరుల కంప్యూటర్లలోకి ప్రవేశించే వీలు కలుగుతుంది. ఆ కుతంత్రం బహిరంగంగా ఉంచిన మూలరచనలో పూర్తిగా కనిపించదు. కొంత భాగం పరీక్షల కోసమని చేర్చిన ఫైళ్లలో దాగి ఉండగా, దానిని మేల్కొలిపే భాగం విడుదల కోసం కట్టిన కట్టలో మాత్రమే ఉంది. ప్రక్షిప్తం మూలప్రతిలో కాక, పంచిపెట్టిన ప్రతిలో చేరిందన్నమాట.

దీనిని కనుగొన్నది ఏ నిఘా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డెబియన్ ప్రయోగ సంచికలో వేరే పరీక్షలు చేసుకుంటూ ఉండగా, దూరం నుండి కంప్యూటరులోకి ప్రవేశించే క్రియ సుమారు అర సెకను ఆలస్యమవుతున్నట్లు గమనించాడు. చాలామంది పట్టించుకోని ఆ ఆలస్యానికి కారణం వెదుకుతూ పోయి అతడు ఆ రహస్య ద్వారాన్ని చేరుకున్నాడు. 2024 మార్చి 29న లోకానికి వెల్లడించాడు. మూలరచన అందరికీ అందుబాటులో ఉండడంవల్లనే అతని అన్వేషణ సాధ్యమైంది.

డెబియన్‌లో మూడు అంతస్తులు ఉన్నాయి. కొత్త ప్యాకేజీలు ముందుగా ‘అన్‌స్టేబుల్’ అనే అస్థిర శాఖలోకి, అక్కడ నిలదొక్కుకొన్న తరువాత ‘టెస్టింగ్’ అనే పరీక్షా శాఖలోకి, చివరకు ‘స్టేబుల్’ అనే స్థిర శాఖలోకి చేరతాయి. విషపూరిత సంచికలు మొదటి రెండు శాఖల దాకా వచ్చాయి గాని స్థిర శాఖను చేరలేదు. వెంటనే డెబియన్ వెనుకటి 5.4.5 సంచికకు మరలింది. ఇక్కడొక విశేషం ఉంది. ఆప్ట్ సహజంగా పెద్ద సంచిక సంఖ్యనే కొత్తదిగా ఎంచుతుంది. అందువల్ల పాత సంచికకు ‘5.6.1 కాని నిజానికి 5.4.5’ అనే అర్థం వచ్చేటట్లు పేరు పెట్టి అందరికీ చేర్చారు. ముందుకు మాత్రమే నడిచే వ్యవస్థను వెనుకకు మరల్చడానికి సంరక్షకులు కనుగొన్న ఉపాయమది.

తెలుగువారికి ఉపయోగం

డెబియన్ భాండాగారంలో తెలుగు లిపి కోసం ప్యాకేజీలు ఉన్నాయి. పోతన, వేమనల పేర్లు గల ఫాంట్లు అక్కడ లభిస్తాయి. తెలుగు విజయం అనే ప్యాకేజీలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర, సూరన్న, తెనాలి రామకృష్ణ అనే పేర్లతో ఫాంట్లు ఉన్నాయి. అష్టదిగ్గజాలుగా మనం చదువుకొనే కవులలో పలువురి పేర్లు ఈ విధంగా ప్రపంచంలోని ఏ మూల నుండి కోరినా తెరమీదికి వస్తాయి. తెలుగు ఫాంట్లన్నిటినీ ఒక్కసారిగా పొందడానికి ‘ఫాంట్స్ టెలు’ అనే ప్యాకేజీ ఉంది. దానిలో ఫాంటు ఏదీ ఉండదు. ఇతర ఫాంటు ప్యాకేజీలను కోరడమే దాని పని. ఆకాంక్ష తప్ప మరేమీ లేని ప్యాకేజీ అది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది.

2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13వ సంచికలో సుమారు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. అదే సంవత్సరం అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. కొత్త సంచికకు తగిన శక్తిలేని పాత కంప్యూటర్లు ఎన్నో పాఠశాలల్లో, ఇళ్లలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇటువంటి స్వేచ్ఛా వ్యవస్థ మరికొన్నేళ్ల ఆయుష్షును ఇవ్వగలదు. అయితే సాఫ్ట్‌వేర్ వెల లేకుండా లభించినా దానిని తాజాగా ఉంచుకొనే శ్రద్ధ మాత్రం వినియోగదారుడే పెట్టాలి. భద్రతకు సంబంధించిన సవరణలను ఎప్పటికప్పుడు స్వీకరించడం అత్యవసరం.

ముగింపు

ప్యాకేజీ నిర్వహణ పైకి యంత్రాల వ్యవహారంగా కనిపిస్తుంది. లోతుగా చూస్తే అది మనుషుల మధ్య నమ్మకాన్ని క్రమబద్ధం చేసే విద్య. మనం ఒక ఆజ్ఞను టైపు చేసినప్పుడు, ఎన్నడూ చూడని ఎందరో సంరక్షకుల శ్రమ మన ఇంటికి చేరుతుంది. ఆ పరోపకారాన్ని స్వీకరించేవారికి కూడా కొన్ని బాధ్యతలు ఉన్నాయి. హెచ్చరికను చదవడం, తెలియని భాండాగారాన్ని నమ్మకపోవడం, లోపం కనిపిస్తే తెలియజేయడం, శక్తి ఉంటే ఒక అనాథ ప్యాకేజీని దత్తత తీసుకోవడం ఆ బాధ్యతలు. ఒంటరిగా అలసిన ఒక సంరక్షకుని పక్కన మంచివారెవరూ నిలవనప్పుడే అక్కడ మోసగాడు నిలిచాడన్న విషయాన్ని మనం మరువరాదు.

---

కఠిన పదాలు – అర్థాలు

భాండాగారం = నిధులను భద్రపరిచే చోటు; ఇక్కడ ప్యాకేజీలను నిలువ ఉంచే చోటు
ప్రక్షిప్తం = మూలరచనలో ఇతరులు తరువాత చేర్చినది
పాఠపరిష్కర్త = వేరువేరు ప్రతులను పోల్చి శుద్ధపాఠాన్ని నిర్ణయించేవాడు
ఆకాంక్ష = అపేక్ష, మరొకదానిని కోరడం
సన్నిధి = సమీపంలో ఉండడం
శృంఖల = గొలుసు
కుతంత్రం = కపటోపాయం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే వాక్యలక్షణాలు ప్యాకేజీలకు ఏ విధంగా వర్తిస్తాయో వివరించండి.
2. ‘ఎక్స్ జడ్’ సంఘటనను వివరించి, దాని నుండి గ్రహించవలసిన విషయాలను రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అప్‌డేట్, అప్‌గ్రేడ్ ఆజ్ఞల భేదాన్ని తెలపండి.
2. విశ్వాస శృంఖల అంటే ఏమిటి? అది దేనిని రుజువు చేయలేదు?
3. సంరక్షకుని పాత్రను వివరించండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. డెబియన్‌ను ప్రకటించినది ఎవరు? ఎప్పుడు?
2. రిమూవ్, పర్జ్ ఆజ్ఞలలో అమరికల ఫైళ్లను తొలగించేది ఏది?
3. ‘ఫాంట్స్ టెలు’ ప్యాకేజీ ప్రత్యేకత ఏమిటి?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. విడిచిన పనిని అందుకొనే మనిషి లేకపోతే ఏ సమష్టి రచనా నిలవదు.
2. యంత్రం అడిగే ప్రశ్న లాంఛనం కాదు.

వ్యాకరణం

సంధులు: భాండాగారం = భాండ + ఆగారం – సవర్ణదీర్ఘ సంధి; పరోపకారం = పర + ఉపకారం – గుణసంధి; ఏకైక = ఏక + ఏక – వృద్ధి సంధి; అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి; మొట్టమొదట = మొదట + మొదట – ద్విరుక్తటకార సంధి.

సమాసాలు: విశ్వాస శృంఖల – విశ్వాసం అనే శృంఖల – రూపక సమాసం, అష్టదిగ్గజాలు – ఎనిమిదైన దిగ్గజాలు – ద్విగు సమాసం, వాక్యలక్షణాలు – వాక్యం యొక్క లక్షణాలు – షష్ఠీ తత్పురుష సమాసం.